పదిళ్ళకూ ఒకటే జవాబు

కితుండా,
8 మే 1994.

తమ్ముడు ఓడిలోకి,

ఇది ఎవరి చేతా రాయించింది కాదు, నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. డెబ్భై మూడులో పెద్దల బడిలో నేర్చుకున్నవి, ఇంతకంటే నిటారుగా నిలబడవు.

ఇక్కడ కాఫీ పండ్లు ఎరుపెక్కుతున్నాయి. మీ వదిన థెక్లా మోకాలు నొప్పి అంటుంది గానీ, ఆదివారం చర్చికి కొండ దిగేటప్పుడు మాత్రం ఆ నొప్పి ఇంట్లోనే ఉండిపోతుంది.

విషయానికి వస్తాను. నువ్వు మళ్ళీ మాస్టారివయ్యావట. రిటైరైనవాడివి సొంగెయాలో కాళ్ళు చాపుకుని కూర్చోక, ఈసారి పెద్దవాళ్ళకు పాఠాలట. పౌర విద్య అట. ఈ కబురు నీ దగ్గర నుంచి రాలేదు. కల్లు తాగే చోట బెయాటుస్ చెప్పాడు. బెయాటుస్ గుర్తున్నాడు కదా, నా పదిళ్ళలో మూడో ఇంటివాడు. "బలోజీ, మీ తమ్ముడు మయాంగాలో మూడొందల మందిని కూర్చోబెట్టి మాట్లాడాడంట. నువ్వెళ్ళలేదా?" అన్నాడు. నువ్వెళ్ళలేదా అన్నప్పుడు వాడి పళ్ళన్నీ బయటపడ్డాయి.

మయాంగాకూ నా ఇంటికీ మధ్య ఒక్క కొండ. రెండు గంటల నడక. ఆ కొండ నీకు ఎక్కడానికి రాలేదు.

ఒక్క సంగతి చెప్పు. అరవై ఎనిమిదేళ్ళవాడికి పౌరుడిగా ఎలా ఉండాలో కొత్తగా నేర్పేదేముంది? స్వతంత్రం వచ్చిననాడు ఈ ఊళ్ళో జెండా కర్ర పాతింది నేను. ఇళ్ళన్నీ ఒక్కచోటికి చేర్చమన్నప్పుడు దూలాలు మోసింది నేను. ఇరవై ఆరేళ్ళుగా పార్టీ తరఫున పదిళ్ళ పెద్దని, అందరి నోటా బలోజీని. ఈ పదిళ్ళలో ఎవరింటికి చుట్టమొచ్చినా ముందు నా పుస్తకంలో పేరెక్కాలి. మేక తప్పిపోయినా నాకే చెప్పాలి, మొగుడు కొట్టినా నాకే చెప్పాలి. ఇది పౌర విద్య కాదా? దీనికి నాకెవరూ టోపీ పెట్టి తెల్ల కారులో తిప్పలేదు. నీ టోపీ మీద అక్షరాలు కూడా ఉన్నాయట.

ఇంకొకటి. మూడేళ్ళ కిందట రాజధాని నుంచి కమిషన్ వాళ్ళు వచ్చి ఒక్క పార్టీ సరిపోతుందా, ఎక్కువ కావాలా అని దేశమంతా అడిగారు. నూటికి ఎనభై మంది ఒక్కటే సరిపోతుందన్నారు. ఇరవై మంది ఎక్కువ కావాలన్నారు. చివరికి ఇరవై గెలిచింది. మీ బడిలో చెప్పే లెక్కలు ఇవేనా?

ఉంటాను.

మీ అన్న,
గౌడెన్సి కపింగా,
పదిళ్ళ పెద్ద, కితుండా.


సొంగెయా,
22 మే 1994.

అన్నయ్యా, షికమో.

నీ ఉత్తరం బస్సు కండక్టరు ఇచ్చాడు. నీ అక్షరాలు చూసి నవ్వలేదు. అవి నీలాగే ఉన్నాయి, ఎవరికీ తోవ ఇవ్వవు.

కారు నాది కాదు. సాయంత్రానికల్లా వెనక్కి ఇచ్చెయ్యాలి. డ్రైవరుకు నేనూ, వెనక సీట్లోని పుస్తకాల కట్టా ఒకటే, ఎక్కించాలి, దించాలి. మయాంగాలో పాఠం అయ్యాక "కొండ అవతల మా అన్న ఉన్నాడు, ఒక్క గంట ఆగు" అంటే "మాస్టారూ, మీ అన్న కోసం పెట్రోలు రాసివ్వలేదు" అన్నాడు. నడిచి రావాల్సింది. రాలేదు. తప్పు నాదే. టోపీ సంగతంటావా, అది నా తలకు పెద్దది. చెవుల మీదికి జారిపోతుంది.

నేను చెప్పేది పెద్ద విషయం కాదు. ఏ పార్టీకి వెయ్యమనీ చెప్పను. అసలు మాస్టర్లకు ఏ పార్టీ కార్డూ ఉండకూడదని నియమం. అందుకే నా కార్డు తిరిగి ఇచ్చేశాను. ఓటు అంటే ఏమిటి, పక్కింటివాడు వేరే జెండా కడితే వాడు శత్రువైపోతాడా, పోలీసు కొడితే ఎవరికి చెప్పాలి, ఇలాంటివే చెప్తాను. కొందరు గొణుక్కుంటారు. మయాంగాలో ఒక ముసలమ్మ లేచి "ఇన్ని పార్టీలంటే ఒక పొయ్యి మీద ఇన్ని కుండలా నాయనా? వంట ఎప్పటికవుతుంది?" అంది. ఆ జవాబు ఇంకా వెతుకుతున్నాను. నీకు దొరికేదేమో.

ఎనభై, ఇరవై లెక్క బాగానే పట్టుకున్నావు. కానీ ఆ ఎనభై మందీ తమ నోటితోనే చెప్పారా, వాళ్ళ తరఫున ఇంకెవరైనా చెప్పారా అని నేను తరగతిలో అడుగుతుంటాను. జనం తెగ నవ్వుతారు.

ఆగస్టులో కితుండా వంతు. నువ్వే జనాన్ని పోగు చెయ్యాలి. నువ్వు పిలిస్తే వచ్చినంత మంది నేను పిలిస్తే రారు.

వదినకు కూడా నా దండం, షికమో చెప్పు. మోకాలికి మందు పంపుతున్నాను.

నీ తమ్ముడు,
ఓడిలో.


కితుండా,
12 జూన్ 1994.

ఓడిలో,

నీ షికమోకి ఈసారి మరహబా అనను. చిన్నవాడి దండం అందుకున్నానని చెప్పాల్సిన పెద్దవాణ్ణి, అనకుండా ఉండే హక్కూ నాకుంది.

జనం తెగ నవ్వుతారు అని రాశావు. ఎందుకు నవ్వుతారో తెలిసింది. ఏడో ఇంటి యులేలియా, ఆ వితంతువు, మయాంగాకు వెళ్ళి నీ పాఠం విని నీ చిన్న పుస్తకం తెచ్చుకుంది. ఊట దగ్గర ఆడవాళ్ళకు చదివి వినిపిస్తోంది. నేను చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాను. అప్పుడే చెప్తోంది: "కమిషన్ వాళ్ళు ఒక్కొక్కరినీ అడుగుతుంటే ఒక ముసలాయన లేచాడంట. మా పదిళ్ళకూ ఒకటే జవాబు, ఒక్కటే పార్టీ, పది అని రాసుకోండి అన్నాడంట. పదిమందినీ అడిగావా తాతా అంటే, అడిగేదేముంది, వాళ్ళు నా వాళ్ళే కదా అన్నాడంట!"

బిందెలు పక్కన పెట్టి నవ్వారు. ఒకామె పైగుడ్డ నోట్లో కుక్కుకుంది. "ఆ ముసలాయన ఎవరో మాస్టారు చెప్పలేదు" అంది యులేలియా, నా వైపు చూస్తూ.

ఆ రోజు కమిషన్ సభకు మన ఊరి నుంచి వచ్చింది నేనొక్కణ్ణే, ఆ చెట్ల కింద నా పక్కన కూర్చున్నది నువ్వు. నేను అలా అన్నానని తెలిసినవాడివి నువ్వొక్కడివే. ఆ మాటను సంచిలో వేసుకుని మూడేళ్ళు దాచి, ఊరూరా తిప్పి చూపిస్తున్నావు.

ఆ తర్వాత ఏమైందో విను. నాలుగో ఇంటివాడు కొండవాలున గుంతల చేను వేస్తూ, గుంతల హద్దులకు గడ్డి గళ్ళుగా పరిచేటప్పుడు ఒక వరస తొమ్మిదో ఇంటివాళ్ళ వాలులోకి పరిచాడు. ఇలాంటిది నేను ఒక్క పూటలో తేల్చేసేవాణ్ణి. ఈసారి ఇద్దరూ వెళ్ళి యులేలియా వాకిట్లో కూర్చున్నారు. ఒకడి మొహం ఒకడు చూడనివాళ్ళు, నా దగ్గరికి రాకూడదనే విషయంలో మాత్రం ఏకమయ్యారు! నా వాకిట్లోంచి కనపడుతూనే ఉంది. ఆమె పుస్తకం ఒళ్ళో పెట్టుకుని తల ఊపుతోంది, న్యాయమూర్తిలాగా.

బెయాటుస్ వెదురు గడకు కొత్త పార్టీ జెండా కట్టాడు. "ఇంకనించి నువ్వు నీ పార్టీవాళ్ళకే పెద్దవి బలోజీ. మేము నీ పుస్తకంలో లేం. కావాలంటే మీ తమ్ముణ్ణి అడుగు" అన్నాడు. అడుగుతున్నాను. పదిళ్ళలో నాకు మిగిలినవి ఎన్నో చెప్పు మాస్టారూ.

నువ్వు కార్డు తిరిగిచ్చేశానని రాశావు. ఎందుకో నాకు తెలియదనుకోకు. అక్టోబర్ ఎన్నికల్లో కొత్త పార్టీ తరఫున నిలబడతావని బెయాటుస్ చెప్తూనే ఉన్నాడు. చిన్నప్పుడు ఇంట్లో ఒక్కరి చదువుకే దారి ఉంటే నేను పార పట్టుకుని నిన్ను మిషన్ బడికి పంపాను. చదువు నీకిచ్చాను. ఇప్పుడు ఈ పదిళ్ళు కూడా కావాలా?

ఆగస్టులో రావద్దు. వస్తే నేను పోగు చెయ్యను.

గౌడెన్సి కపింగా,
పదిళ్ళ పెద్ద. ఇంకా.


సొంగెయా,
26 జూన్ 1994.

అన్నయ్యా, షికమో. నువ్వు అనకపోయినా నేను అంటాను.

నేను ఏ ఎన్నికల్లోనూ నిలబడడం లేదు. కార్డు ఎందుకిచ్చానో పోయిన ఉత్తరంలో రాశాను. నువ్వు ఆ వాక్యం సగం చదివి, మిగతా సగం బెయాటుస్ చేత చెప్పించుకున్నావు.

కథ విషయం దాచను. అది నీదే. పేరు చెప్పలేదు కదా అనుకున్నాను, అది దొంగ సాకు. మొదటిసారి చెప్పినప్పుడు జనం నవ్వారు, నాకు లోపల తియ్యగా అనిపించింది. ఎందుకో చెప్తాను, కోప్పడితే కోప్పడు.

నేను కితుండా వస్తే ఊరివాళ్ళు "గౌడెన్సి తమ్ముడొచ్చాడు" అంటారు. ముప్పై ఒక్కేళ్ళు బడి చెప్పాను, ఆ ఊళ్ళో నాకు పేరు లేదు. నాన్న పోయినప్పుడు కబురు నీ దగ్గరికి పరుగెత్తుకుని వచ్చింది, నా దగ్గరికి బస్సులో వచ్చింది. నేను చేరేసరికి మట్టి కప్పేశారు. పిడికెడు మట్టి వెయ్యాలంటే నువ్వు "అయిపోయింది, కూర్చో" అన్నావు. ఎవరి పెళ్ళికైనా, ఎవరి చావుకైనా నువ్వు లేనిదే పని మొదలుకాదు. నాకు చదువిచ్చానని ప్రతి ఉత్తరంలోనూ రాస్తావు. చదువిచ్చి ఊరు ఉంచేసుకున్నావు. ఆ బేరం బాగుందో లేదో నన్నూ ఎవరూ అడగలేదు.

కానీ ఒక మాట అడుగుతాను, మాస్టారుగా కాదు, తమ్ముడిగా. ఆ రోజు పది అన్నావు. మిగతా తొమ్మిది ఇళ్ళు వదిలెయ్. మొదటి ఇల్లు నీదే. వదినను అడిగావా? అప్పుడు అడగలేదు సరే. ఇప్పుడు అడుగు.

ఓడిలో.


కితుండా,
17 జూలై 1994.

తమ్ముడు ఓడిలోకి,

కాఫీ పండ్ల తొక్క తీసే పనిలో చేతులు జిగురైపోయాయి. కాగితానికి మరకలంటితే అవి కన్నీళ్ళనుకోకు.

మట్టి సంగతి నాకు గుర్తులేదు. అన్నానేమో. అప్పుడు వాన పడుతోంది.

వదినను అడగమన్నావు. అడిగాను. చిక్కుళ్ళు ఒలుస్తోంది. "ఆ రోజు కమిషన్ వాళ్ళు నిన్నడిగితే ఏమనేదానివి?" అన్నాను. తలెత్తకుండా "ఎక్కువ పార్టీలు కావాలనేదాన్ని" అంది. ఎందుకు అన్నాను. "ఊళ్ళో ఒక్కటే కొట్టున్నప్పుడు గుర్తులేదా? సబ్బు అడిగితే వాడు తలెత్తేవాడా? రెండో కొట్టు పెట్టినప్పటినుంచీ, లోపలికి రా అమ్మా, పిల్లలు బాగున్నారా అంటున్నాడు. అంతే" అంది.

నలభై నాలుగేళ్ళు నా ఇంట్లో ఉండి ఇంత ఆలోచించిందని నాకు తెలియదు. ఇదంతా నీకెవరు చెప్పారు అన్నాను. అప్పుడు బయటపడింది. ఏప్రిల్లో ఆ ఆదివారం చర్చి పాటల సాధనకని వెళ్ళింది కదా, వెళ్ళింది మయాంగాకు! యులేలియాతో కలిసి కొండెక్కి దిగి, నీ పాఠానికి, మొదటి వరసలో కూర్చుంది! మోకాలు నొప్పి అనే మనిషి! నువ్వు చూసి కూడా నాకు రాయలేదు.

"ఆ కథకు నువ్వూ నవ్వావా?" అన్నాను.

"అందరికంటే ముందు నేనే నవ్వాను. నువ్వేనని నాకొక్కదానికే తెలుసు మరి, ఆ రాత్రి ఇంటికొచ్చి నువ్వే గొప్పగా చెప్పావుగా" అంది.

ఓడిలో, నేను చెప్పే మాట ఆవిడ ఎన్నడూ అంత శ్రద్ధగా కూర్చుని వినలేదు. రెండు గంటలు నడిచి వెళ్ళి నీ మాట వింది. నా మాట వినడానికి పొయ్యి దగ్గర నుంచి వాకిట్లోకి రాదు. నాకు కడుపు మండిపోయింది, దాచడమెందుకు.

అందుకే ఆ మర్నాడే చొక్కా వేసుకుని పదిళ్ళూ తిరిగాను. నువ్వు అడగలేదన్నావుగా, అడిగాను. ప్రతి గుమ్మం ముందూ నిలబడి "మీ పదిళ్ళకు పెద్దగా నేనుండడం మీకిష్టమేనా?" అని అడిగాను. ఇష్టమే అన్నారు. అందరూ! బెయాటుస్ కూడా "నువ్వు కాకపోతే ఎవరు బలోజీ, కూర్చో, కల్లు తాగు" అన్నాడు, వాడి జెండా నా తలకు తగులుతుంటే. యులేలియా "మీరు మాకు తండ్రి లాంటివారు" అంది. థెక్లాను కూడా అడిగాను, నవ్వి ఊరుకుంది. అది ఒప్పుకోవడమే.

పదికి పది. ఈసారి అడిగి మరీ చెప్తున్నాను. ఇది రాసుకో నీ పుస్తకంలో.

గౌడెన్సి కపింగా,
పదిళ్ళ పెద్ద.


సొంగెయా,
31 జూలై 1994.

అన్నయ్యా, షికమో.

వదినను మయాంగాలో చూశాను. చెప్పవద్దని చేతితో సైగ చేసింది. చెప్పలేదు. తిడితే తిట్టు.

పదికి పది అన్నావు. నువ్వు చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి "నేను ఇష్టమేనా" అంటే, కాదనే మనిషి మన కొండల్లో పుట్టాడా? రేపు వాళ్ళింట్లో శవం లేస్తే నువ్వే కావాలి. కూతురి పెళ్ళికి నువ్వే కావాలి. బెయాటుస్ కల్లు పోశాడంటే అది మర్యాద, జవాబు కాదు. నువ్వు వాళ్ళ మాట అడగలేదు, వాళ్ళ చేత నీ మాట చెప్పించుకున్నావు.

నిజంగా తెలుసుకోవాలనుంటే ఒక పద్ధతుంది. తరగతుల్లో మేము చేయించేదే. సన్న మూతి కుండ ఒకటి తీసుకో. ఎవరూ లేని గదిలో పెట్టు. పెద్దవాళ్ళకు తలా ఒక మొక్కజొన్న గింజ, ఒక చిక్కుడు గింజ ఇవ్వు. నువ్వు కావాలంటే మొక్కజొన్న, ఇంకొకరు కావాలంటే చిక్కుడు. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి ఒకటి కుండలో వెయ్యాలి, రెండోది పక్కనున్న బూడిద బానలో పడేసి కలిపెయ్యాలి. అందరి ముందూ లెక్కపెట్టాలి. ఎవరు ఏది వేశారని ఎవరూ అడగకూడదు. నువ్వూ అడగకూడదు. అదే కష్టం.

చట్టం ప్రకారం నీ పార్టీ కాగితం మీద నీ పేరు ఎలాగూ ఉంటుంది. నీకు కావలసింది ఆ కాగితం కాదని నాకు తెలుసు. పదిళ్ళు నిన్నే అనుకుంటున్నాయా లేదా అన్నదే కదా? అయితే అడుగు. భయమైతే మానెయ్.

ఆగస్టులో కితుండాకు వేరే మాస్టారును పంపమన్నాను. నేను రావడం లేదు. నువ్వు వద్దన్నావు.

ఓడిలో.


సొంగెయా,
28 ఆగస్టు 1994.

అన్నయ్యా, షికమో.

నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. యులేలియా దగ్గర నుంచి వచ్చింది. కుండ పెట్టావట. నీకు పోటీగా పదిళ్ళవాళ్ళు ఆమె పేరు చెప్పారట. ముప్పై ఒక్క గింజల్లో పదిహేను మొక్కజొన్న, పదహారు చిక్కుడు అట. ఒక్క గింజ.

భయమైతే మానెయ్ అని రాసిన చెయ్యి విరగ్గొట్టుకోవాలనిపించింది. నువ్వు గెలుస్తావనే అనుకున్నాను. నేను రెచ్చగొట్టకపోతే నువ్వా కుండ పెట్టేవాడివే కాదు.

ఆ ఒక్క గింజ ఎవరిదో నాకు తెలుసు. రాయకూడదు, కానీ నువ్వు పదిళ్ళవాళ్ళనూ అనుమానంగా చూస్తూ కుమిలిపోతావని రాస్తున్నాను. అది వదినది. మొదటి వరసలో ఎలా కూర్చుందో చూశాను. యులేలియాతో కలిసి నడిచి వచ్చింది, కలిసి వెళ్ళింది. దానికి కారణం నా పాఠమే. తిడితే నన్ను తిట్టు. వదినతో పోట్లాడకు. ఆమె చేత చెప్పించుకోవాలని చూడకు. ఈ వయసులో ఒక గింజ కోసం పొయ్యి చల్లారకూడదు.

రమ్మంటే వస్తాను. నడిచే వస్తాను.

ఓడిలో.


కితుండా,
11 సెప్టెంబర్ 1994.

తమ్ముడు ఓడిలోకి,

మరహబా. నాలుగు షికమోలకూ కలిపి ఒకటే.

ఈ ఉత్తరం రాయకూడదనుకున్నాను. నువ్వు మీ వదిన మీద నింద వేశావు కాబట్టి రాస్తున్నాను.

కుండను మా ధాన్యపు గదిలో పెట్టాను. నువ్వు చెప్పినట్టే చేశాను, ఒక్కటీ తప్పలేదు. భయమట! ఒక్కొక్కరే వెళ్ళి వచ్చారు. వచ్చేటప్పుడు ప్రతివాడి మొహమూ చూశాను. ఇరవై ఆరేళ్ళు ఎవడింట్లో ఏం ఉడుకుతోందో వాసన చూసి చెప్పినవాణ్ణి, ఒక్క మొహం కూడా చదవలేకపోయాను. నాలుగో ఇంటివాడు దగ్గుతూ వచ్చాడు, ఆ దగ్గు మొక్కజొన్నదో చిక్కుడుదో తెలియలేదు. థెక్లా కొంగు సర్దుకుంటూ వచ్చింది. ఏది వేశావన్నాను. "నువ్వే నా చెయ్యి పట్టుకుని వేయించాల్సింది" అని వెళ్ళిపోయింది.

అందరి తర్వాత నేను వెళ్ళాను.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు, సగం చదివి వదలకు. నన్ను ఈ పదిళ్ళవాళ్ళు ఐదుసార్లు ఎన్నుకున్నారు. ఎలాగో నీకు తెలుసు. పెద్దగా ఉండాల్సినవాడు ముందు నిలబడతాడు. వాడు కావాలనుకున్నవాళ్ళు వాడి వెనక వరసగా నిలబడతారు. ఎవరి వెనక వరస పొడుగైతే వాడు. తన వెనక తాను నిలబడేవాడు ఎక్కడైనా ఉంటాడా? ఉండడు. లెక్కలో వాడు రాడు. అందరికీ వీపు చూపించి కొండకేసి చూస్తూ నిలబడతాడు. అదీ మర్యాద.

ఆ గదిలో రెండు గుప్పిళ్ళలో రెండు గింజలు పట్టుకుని నిలబడ్డాను. మొక్కజొన్న గింజ కుండ మూతి దాకా తీసుకువెళ్ళాను. ఎవరూ లేరు, అయినా సిగ్గేసింది. నా పేరు నేనే చెప్పుకున్నట్టు, నా కల్లు నేనే పొగుడుకున్నట్టు అనిపించింది. పైగా, నాకేమో ఇరవై అయిదు దాకా వస్తాయని లెక్క వేసుకున్నాను. పాపం యులేలియా, మొగుడు లేని మనిషి, మరీ అయిదారు గింజలైతే చిన్నబుచ్చుకుంటుంది, ఒకటి కలిస్తే ఏంపోయింది అనుకున్నాను.

చిక్కుడు గింజ వేశాను.

బెయాటుస్, నేను కలిసి చాప మీద పోసి లెక్కపెట్టాం. మూడుసార్లు లెక్కపెట్టాం. వాడి మొహంలో నవ్వు ఉంటుందనుకున్నాను, లేదు. "ఒక్క గింజ కదా బలోజీ. కావాలంటే మళ్ళీ పెడదాం, ఎవరూ ఏమనుకోరు" అన్నాడు. యులేలియా కూడా "నాకొద్దు, మళ్ళీ పెట్టండి" అంది. అప్పుడు నోరు తెరిస్తే అయిపోయేది. పదహారు నావి, పదిహేను ఆమెవి. తెరవలేదు. తెరిచి ఏమని చెప్పను? నాకు నేను వేసుకోవడం రాలేదు, ఇప్పుడు వేసుకుంటాను, కాసేపాగండి అనా? చుట్టాల పేర్లు రాసే పుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

అప్పటినుంచీ నా వాకిలి ఊడ్చినట్టుంది. ఆమె వాకిట్లో రోజూ జనమే. తగువులు తీరుతున్నాయి. తీరితే తీరాయి, మధ్యలో నవ్వులు కూడా వినిపిస్తున్నాయి. నా వాకిట్లో ఏనాడూ ఎవరూ నవ్వలేదు. ఇక్కడ కూర్చుని కాఫీ గింజలు ఏరుతూ మెడ సాగదీసి చూస్తుంటాను. చూసినప్పుడల్లా కళ్ళు మండుతాయి. మొన్న మేక విషయంలో తప్పు తీర్పు చెప్పింది. నాకు భలే సంతోషమేసింది. నిన్న తనే వెళ్ళి ఆ తప్పు ఒప్పుకుని దిద్దుకుంది. ఆ సంతోషమూ పోయింది. నేను ఇరవై ఆరేళ్ళలో ఒక్కటీ దిద్దుకోలేదు.

ఈ సంగతి థెక్లాకు చెప్పలేదు. చెప్తే రేపటికి ఊట దగ్గరికి చేరుతుంది, యులేలియా పుస్తకం తెచ్చి నా గుమ్మంలో పెడుతుంది. నేను తీసుకుంటాను కూడా. అందుకే చెప్పను.

నువ్వు దీన్ని తరగతిలో చెప్పావంటే సొంగెయా దాకా నడిచి వచ్చి నీ టోపీ తీసి పొయ్యిలో పడేస్తాను. నాదొకటి ఇప్పటికే చెప్పావు, అది చాలు.

వదిన ఏది వేసిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఆమె మీద రాసిన మాట వెనక్కి తీసుకుని, ఆమె పేరున విడిగా ఉత్తరం రాయి. ముప్పై ఒక్క గింజల్లో నాకు కచ్చితంగా తెలిసింది ఒక్కటే. పదిళ్ళవీ నావే అనుకున్నాను ఇన్నేళ్ళూ. తీరా చూస్తే నాదంటూ ఉన్నది ఆ ఒక్క గింజ, దాన్ని ఆమెకు వేసి వచ్చాను.

మీ అన్న,
గౌడెన్సి.